ఇద్దరు కలిసి కట్టే గిటార్ మల్టీ ఎఫెక్ట్ పెడల్: ఎఫెక్ట్‌లు తేలిక, అతుకులే కష్టం

ఓవర్‌డ్రైవ్ (గిటార్ స్వరాన్ని గరుకుగా చేసే) సర్క్యూట్ ఒక్కటే కట్టి ఆంప్లిఫైయర్‌కి తగిలిస్తే చక్కగా పలుకుతుంది. డిలే (ఎకో ఇచ్చేది) కూడా విడిగా బాగానే పలుకుతుంది, ట్రెమొలో (శబ్దాన్ని పెంచుతూ తగ్గిస్తూ ఊపేది) కూడా అంతే. ఆ మూడింటినీ ఒకే పెడల్‌లో, అంటే కాలితో తొక్కి నడిపే ఒకే పెట్టెలో, ఒకే అడాప్టర్ మీద పెట్టగానే గుయ్‌మని హమ్ మొదలవుతుంది. వాయించకపోయినా వెనక టిక్ టిక్ వినిపిస్తుంది. స్విచ్ తొక్కితే టప్‌మంటుంది. ఏ బోర్డుకి ఆ బోర్డు విప్పి చూస్తే తప్పేమీ కనిపించదు, ఎందుకంటే తప్పు బోర్డుల్లో లేదు. కరెంటు, గ్రౌండు, సిగ్నల్ స్థాయి అనే మూడింటిని అవి పంచుకునే చోట ఉంది.

ఒకరు విజయనగరంలో, మరొకరు శ్రీకాకుళంలో ఉండి చెరి సగం పని పంచుకుంటే ఈ చిక్కు ఇంకో మెట్టు పెరుగుతుంది. ఒకరి బోర్డు ఇంకొకరి బోర్డుతో మొదటిసారి కలిసేది పెట్టెలోకి ఎక్కించే రోజునే. కాబట్టి టంకం వేడెక్కకముందే ఇద్దరూ ఒక కాగితం మీద కొన్ని అంకెలకు కట్టుబడాలి. ఈ వ్యాసంలో సర్క్యూట్‌ల కంటే ఆ అంకెల గురించే ఎక్కువ ఉంటుంది. ఓవర్‌డ్రైవ్ సర్క్యూట్ బొమ్మలు ఎక్కడైనా దొరుకుతాయి. వాటిని కలిపే పద్ధతి మాత్రం ఎవరికి వారు తేల్చుకోవాల్సిందే.

ముందు పని పంపకం. ఒకరు డిజైన్, ఒకరు టంకం అని విడదీయకండి. తప్పు వచ్చినప్పుడు అది ఎవరిదో తేలదు. బోర్డుల వారీగా పంచుకోవడం మేలు. ఇన్‌పుట్ బఫర్ (గిటార్ సిగ్నల్‌ని బలహీనపడకుండా అందుకునే మొదటి మెట్టు), ఓవర్‌డ్రైవ్, పవర్ ఒకరికి. ట్రెమొలో, డిలే ఇంకొకరికి. పెట్టె, స్విచ్‌లు, తీగలు మాత్రం ఇద్దరూ ఒకచోట కూర్చుని చేయాలి.

కాగితం మీద ఉండాల్సినవి ఇవి. ప్రతి బోర్డూ 9 వోల్టులే తీసుకుంటుంది. ప్రతి బోర్డుకీ సొంత సగం వోల్టేజి ఉంటుంది, అంటే రెండు 10 కె (పది వేల ఓంల) రెసిస్టర్లు, మధ్యలో గ్రౌండుకి 47 మైక్రోఫ్యారడ్ కెపాసిటర్. ఆ 4.5 వోల్టులను ఒక బోర్డు నుంచి ఇంకో బోర్డుకి తీగతో లాగితే ఒకదాని సిగ్నల్ ఇంకోదాంట్లోకి కారుతుంది. మిగిలేది రెండు రెసిస్టర్ల ఖర్చు, పోయేది శబ్దంలో శుభ్రత. ప్రతి బోర్డుకీ ఇన్‌పుట్‌లోనూ అవుట్‌పుట్‌లోనూ కెపాసిటర్ ఉండాలి, ఏ డీసీ బయటికి రాకూడదు. అవుట్‌పుట్‌లో 1 మైక్రోఫ్యారడ్ ఫిల్మ్ కెపాసిటర్, దానికి వరుసగా 1 కె, చివర గ్రౌండుకి 100 కె. బోర్డు బయటికి వచ్చే సిగ్నల్ శిఖరం 1 వోల్టు దాటకూడదు. ఎఫెక్ట్ ఆన్ చేసినా ఆఫ్ చేసినా చెవికి ఒకే గట్టిగా వినపడాలి.

ఇక కనెక్టర్. 2.54 మిల్లీమీటర్ల ఎడంతో 5 పిన్‌లున్న రెలిమేట్ ఏ రేడియో షాపులోనైనా దొరుకుతుంది. పిన్‌ల వరుస ఇలా పెట్టుకోండి: 1 ప్లస్ 9, 2 గ్రౌండ్, 3 ఇన్, 4 గ్రౌండ్, 5 అవుట్. బోర్డు మీద 2, 4 కలిసే ఉండాలి. ఈ వరుసకి రెండు కారణాలున్నాయి. ఒకటి, ఇన్‌కీ అవుట్‌కీ మధ్య గ్రౌండు అడ్డుగా ఉంటుంది. రెండోది అసలైనది. దూరంగా ఉండి పని చేసేవాళ్లు వాట్సాప్‌లో ఫొటోలు పంపుకుంటారు. ఒకరు బోర్డును పైనుంచి తీస్తారు, ఇంకొకరు రాగి వైపు నుంచి చూసుకుంటారు. దాంతో కనెక్టర్ అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. మామూలు వరుసలో ఇలా జరిగితే ప్లస్ వెళ్లి గ్రౌండు మీద పడి ఐసీ కాలిపోతుంది. పై వరుసలో తిరగబడినా 2, 4 గ్రౌండుగానే ఉంటాయి, 3 నడిమధ్యనే ఉంటుంది. 9 వోల్టులు అవుట్‌పుట్ పిన్ మీద పడతాయి కానీ, అక్కడ ఫిల్మ్ కెపాసిటర్, 1 కె అడ్డం ఉన్నాయి. బోర్డు పలకదు, కాలిపోదు కూడా. అక్కడ ఎలక్ట్రోలిటిక్ వాడితే మాత్రం ఈ రక్షణ పోతుంది. అందుకే ఫిల్మ్ అని కాగితం మీద రాసుకోవాలి. బోర్డుకి రెండు వైపులా పిన్ 1 దగ్గర పర్మనెంట్ మార్కర్‌తో చుక్క పెట్టండి.

రెలిమేట్ తలలో 3, 5 పిన్‌లను తీగతో కలిపి ఒక ఉత్త ప్లగ్ చేసుకోండి. ఒకరి బోర్డు ఇంకా రాకపోయినా, ఆ ప్లగ్ పెడితే పెట్టెలోని మిగతా దారి పరీక్షించుకోవచ్చు.

ఇప్పుడు బోర్డులు. మొట్టమొదట బఫర్, అది ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది. గిటార్ పికప్ అంటే వేల చుట్ల తీగ. సింగిల్ కాయిల్ (ఒకే చుట్ట ఉన్న) పికప్‌లో మీటరుకి 6 నుంచి 8 కె కనిపించినా, ఇండక్టెన్స్ కొన్ని హెన్రీలు ఉండడం వల్ల స్వరం పైకి పోయేకొద్దీ దాని అడ్డు చాలా పెరుగుతుంది. తర్వాతి సర్క్యూట్ ఇన్‌పుట్ 50 కె లాంటిది అయితే పైస్వరాలు అక్కడే చచ్చిపోతాయి. అందుకే టీఎల్072 ఐసీలోని రెండు ఆప్‌ఆంప్‌లలో (సిగ్నల్ పెంచే భాగాలు) ఒకటి తీసుకుని, సగం వోల్టేజికి 1 మెగ్ (పది లక్షల ఓంల) రెసిస్టర్, 22 నానోఫ్యారడ్ ఇన్‌పుట్ కెపాసిటర్ పెడతాం. ఆ రెండూ కలిసి 7 హెర్ట్జ్ కింద ఉన్నదాన్ని కోస్తాయి, గిటార్‌కి అది చాలు. జాక్ దగ్గర టప్ శబ్దం రాకుండా గ్రౌండుకి ఇంకో రెసిస్టర్ ఉంటుంది. అక్కడ కూడా 1 మెగ్ పెడితే రెండూ కలిసి 500 కె అవుతాయి. 2.2 మెగ్ పెడితే దాదాపు 690 కె మిగులుతుంది. జాక్ పక్కనే వరుసగా 10 కె, గ్రౌండుకి 100 పికోఫ్యారడ్ వేస్తే రేడియో స్టేషన్లు, మొబైల్ గిరగిరలు చాలావరకు లోపలికి రావు.

ఈ బఫర్ మీద ఖర్చు చేసే శ్రద్ధ గిటార్‌కే కాదు, ఇక్కడి వాయిద్యాలకీ పనికొస్తుంది. బొబ్బిలి వీణ బుర్రకి 27 మిల్లీమీటర్ల పైజో బిళ్ల (కంపనాన్ని సిగ్నల్‌గా మార్చేది) అంటించి వాయించాలనుకునేవారు ఉంటారు, వయొలిన్‌కి పెట్టేవారూ ఉంటారు. ఆ బిళ్ల కెపాసిటెన్స్ సుమారు 20 నానోఫ్యారడ్. దాన్ని 10 కె ఇన్‌పుట్ ఉన్న మిక్సర్‌కి నేరుగా కలిపితే 800 హెర్ట్జ్ కింద ఉన్నదంతా పల్చబడి రేకుడబ్బాలా వినిపిస్తుంది. వీణ మంద్రం అంతా పోతుంది. 690 కెకి కలిపితే కోత 12 హెర్ట్జ్ దగ్గరికి దిగిపోతుంది.

బఫర్ తర్వాత ఓవర్‌డ్రైవ్. ఆప్‌ఆంప్ నాన్ ఇన్వర్టింగ్‌లో (సిగ్నల్‌ని తలకిందులు చేయని పద్ధతి), కిందికి 4.7 కె, దానికి వరుసగా 47 నానోఫ్యారడ్. ఫీడ్‌బ్యాక్‌లో 47 కె, దానికి వరుసగా 500 కె పాట్ (తిప్పితే విలువ మారే రెసిస్టర్), పక్కన 47 పికోఫ్యారడ్, ఎదురెదురుగా రెండు 1ఎన్4148 డయోడ్లు. పాట్ తక్కువలో ఉంటే సుమారు 11 రెట్లు, పూర్తిగా తిప్పితే సుమారు 117 రెట్లు. 4.7 కె, 47 నానో కలిసి 720 హెర్ట్జ్ కింద గెయిన్ (ఎన్ని రెట్లు పెంచేదీ) తగ్గిస్తాయి. లావు తీగలు బురదగా మారకుండా కాపాడేది ఇదే. మెటల్ సంగీతం వాయించేవాళ్లకి కింద బరువు కావాలనిపిస్తే 47 నానోని 100 నానో చేయండి, కోత 340 హెర్ట్జ్‌కి దిగుతుంది. ఇక్కడ 4558 అయినా బాగానే ఉంటుంది, అది ఆంప్లిఫైయర్ రిపేరు షాపుల్లో ఎప్పుడూ ఉండే ఐసీ.

బఫర్‌లో మాత్రం 4558 వద్దు. దాని ఇన్‌పుట్ కరెంటు 1 మెగ్ రెసిస్టర్ మీద వోల్టేజి పుట్టిస్తుంది. టీఎల్072 అని పేరు వేసి 4558 అమ్మడం కూడా ఉంది. దాన్ని పట్టుకునే దారి ఇదే: బఫర్‌లో పెట్టి ఐసీ 1వ పిన్‌కీ, 10 కెల మధ్య బిందువుకీ తేడా చూడండి. అసలు టీఎల్072లో తేడా 10 మిల్లీవోల్టులు దాటదు. పదుల, వందల మిల్లీవోల్టులు కనిపిస్తే అది వేరే ఐసీ. అందుకే ప్రతి ఐసీకీ సాకెట్ వేయండి.

వోల్టేజులు కొలిచేటప్పుడు ఒక జాగ్రత్త. చవక పసుపు మల్టీమీటర్ డీటీ830 రకాలకి ఇన్‌పుట్ 1 మెగ్ మాత్రమే. బఫర్ ఐసీ 3వ పిన్ మీద పెడితే, అక్కడి 1 మెగ్‌తో కలిసి వోల్టేజి సగమై 2.2 అని చూపిస్తుంది. బోర్డు చెడిందనుకుని ఐసీలు మార్చేస్తారు. కొలవాల్సింది 1వ పిన్ మీద, అక్కడ 4.3 దరిదాపుల్లో ఉంటే బఫర్ ఆరోగ్యంగా ఉన్నట్టే. 8వ పిన్ మీద 8.7, 4వ పిన్ మీద సున్నా రావాలి. ఈ మీటర్లలో ఏసీ కనీస రేంజి 200 వోల్టులు, కాబట్టి సిగ్నల్ కొలవడానికి అవి పనికిరావు. సిగ్నల్‌ని వినడమే దారి. ఆంప్ కేబుల్ కొనకి 100 నానోఫ్యారడ్ కెపాసిటర్ టంకం వేసి, దాని రెండో కాలితో సర్క్యూట్‌లో ఒక్కో బిందువూ తాకుతూ పోండి. ఫోన్‌లో టోన్ యాప్ పెట్టి 1000 హెర్ట్జ్ ఇన్‌పుట్‌కి ఇవ్వండి. ఎక్కడి దాకా వినిపించి ఎక్కడ ఆగిందో అక్కడే తప్పు. ల్యాప్‌టాప్‌లో ఆడాసిటీ అనే రికార్డింగ్ ప్రోగ్రాం ఉంటే అలల ఆకారం కూడా చూసుకోవచ్చు. శ్రీకాకుళంలో రికార్డు చేసిన ఫైలు విజయనగరంలో తెరిచి చూడొచ్చు, అది ఫోన్‌లో మాటలతో చెప్పడం కంటే మేలు.

ట్రెమొలోకి ఎల్‌ఈడీ, ఎల్‌డీఆర్ (వెలుగు పడితే అడ్డు తగ్గే రెసిస్టర్) జత సరిపోతుంది. 5 మిల్లీమీటర్ల ఎర్ర ఎల్‌ఈడీని, ఎల్‌డీఆర్‌ని ఎదురెదురుగా పెట్టి నల్ల హీట్ ష్రింక్ స్లీవ్‌లో తొడిగి, రెండు కొనలూ మూసేయాలి. పక్కనున్న ఇండికేటర్ వెలుగు లోపలికి దూరితే లోతు సగం పోతుంది. సిగ్నల్‌కి వరుసగా 22 కె, ఆ తర్వాత గ్రౌండు వైపు ఎల్‌డీఆర్, దానితో వరుసగా 100 కె డెప్త్ పాట్. ఊగే తరంగం కోసం రెండు ఆప్‌ఆంప్‌లు: ఒకటి ష్మిట్ (చదరపు తరంగం ఇచ్చేది), ఒకటి ఇంటిగ్రేటర్ (దాన్ని త్రిభుజ తరంగం చేసేది). ఇంటిగ్రేటర్‌లో 1 మైక్రోఫ్యారడ్ ఫిల్మ్, 47 కె, దానికి వరుసగా 470 కె పాట్. ష్మిట్‌లో 22 కె, 47 కె. సెకనుకి సుమారు 1 నుంచి 11 ఊపులు వస్తాయి. ఎల్‌డీఆర్ చీకట్లోకి నిదానంగా తిరిగి వెళ్తుంది కాబట్టి 8 దాటాక లోతు తగ్గుతుంది. అది పార్టు స్వభావం, తప్పు కాదు. శబ్దం తరచూ తగ్గుతుంటుంది కనుక మొత్తం మీద కాస్త తక్కువ గట్టిగా వినిపిస్తుంది. చివరి ఆప్‌ఆంప్‌కి 4.7 కె, 10 కెతో ఒకటిన్నర రెట్లు ఇస్తే సమానమవుతుంది.

టిక్ టిక్ పుట్టేది ఇక్కడే. ష్మిట్ ఒక్కసారిగా పైకీ కిందికీ దూకుతుంది. దూకిన ప్రతిసారీ సప్లై లైన్‌లో చిన్న గుంట పడుతుంది, పక్కనున్న 117 రెట్ల ఓవర్‌డ్రైవ్ దాన్ని పెంచి వినిపిస్తుంది. మందు మూడు చోట్ల వేయాలి. ఊపు భాగానికి టీఎల్072 బదులు తక్కువ కరెంటు తాగే టీఎల్062 వాడండి. దాని సప్లైకి వరుసగా 100 ఓంలు, గ్రౌండుకి 100 మైక్రోఫ్యారడ్ పెట్టండి. ఎల్‌ఈడీని ష్మిట్ చదరపు తరంగంతో కాకుండా, త్రిభుజ తరంగంతో, బీసీ547 ట్రాన్సిస్టర్ ద్వారా, ఎమిటర్‌లో 1 కెతో నడపండి. కరెంటు మెల్లగా పెరిగి మెల్లగా తగ్గితే టిక్ అనడానికి ఏమీ ఉండదు.

డిలేకి పీటీ2399 అనే ఎకో ఐసీ. కొత్తది దొరక్కపోతే ఆర్కెస్ట్రా ఆంప్లిఫైయర్లలోని పాత మైక్ ఎకో బోర్డు విప్పి చూడండి, తరచుగా అందులో ఇదే ఉంటుంది. దీనికి 5 వోల్టులు మాత్రమే ఇవ్వాలి, 9 వోల్టులను 5కి దించే 78ఎల్05 రెగ్యులేటర్ సరిపోతుంది. 6వ పిన్ నుంచి గ్రౌండుకి పెట్టే రెసిస్టర్ ఆలస్యాన్ని నిర్ణయిస్తుంది. 27.6 కె దగ్గర సుమారు 340 మిల్లీసెకన్లు, అర కె దగ్గర సుమారు 31. సగం సెకను కావాలని 47 కె పాట్ పెట్టేవాళ్లు ఉన్నారు. వస్తుంది, కానీ లోపలి గడియారం నెమ్మదించి గరగర పెరుగుతుంది. 22 కె పాట్, దానికి వరుసగా 2.2 కె స్థిర రెసిస్టర్ మంచి మధ్యస్థం, 300 మిల్లీసెకన్ల దాకా శుభ్రంగా ఉంటుంది. ఆ 2.2 కెని తీసేయకండి. పాట్ పూర్తిగా కిందికి తిప్పి ఉన్నప్పుడు కరెంటు ఇస్తే, 6వ పిన్ మీద అడ్డు మరీ తక్కువై ఐసీ బిగుసుకుపోతుంది, ఎకో రాదు. ఒకరోజు పలికి ఇంకోరోజు పలకని డిలేల్లో చాలావాటికి కారణం ఇదే. రిపీట్ పాట్ పూర్తిగా తిప్పినప్పుడు ఎకో ఆగకుండా పెరిగి ఊళపెట్టకుండా, దానికి వరుసగా 10 నుంచి 22 కె పెట్టాలి. అసలు గిటార్ శబ్దాన్ని ఐసీ గుండా పంపకూడదు. దాన్ని పక్కదారిలో తెచ్చి చివర ఆప్‌ఆంప్‌లో ఎకోతో కలపాలి.

వరుసలో డిలే చివర ఉండాలి. ఓవర్‌డ్రైవ్ ముందు డిలే పెడితే, కొత్త స్వరమూ పాత ఎకోలూ కలిసి డయోడ్ల మీద పడి ముద్దయిపోతాయి.

ఇప్పుడు గ్రౌండు. పీటీ2399లో 3వ పిన్ అనలాగ్ గ్రౌండు, 4వ పిన్ డిజిటల్ గ్రౌండు. ఈ ఐసీ 15 నుంచి 30 మిల్లీఆంపియర్లు, గడియారం తాళానికి తుంపులుగా లాగుతుంది. డిలే బోర్డు గ్రౌండును ఓవర్‌డ్రైవ్ బోర్డు గుండా తెచ్చారనుకుందాం. సన్న తీగ, టంకం జాయింట్లు కలిపి 0.05 ఓం అనుకుంటే, 20 మిల్లీఆంపియర్లకి అక్కడ 1 మిల్లీవోల్టు పుడుతుంది. ఓవర్‌డ్రైవ్ దాన్ని 117 రెట్లు చేస్తుంది.  వాయించకుండా ఉన్నా ఆ రొద స్పష్టంగా వినిపిస్తుంది. అందుకే ప్రతి బోర్డు కనెక్టర్ 2వ పిన్ నుంచి ఒక్కో తీగ విడిగా డీసీ సాకెట్ దగ్గర ఒకే బిందువుకి రావాలి. కనెక్టర్ 4వ పిన్‌కి సిగ్నల్ తీగల షీల్డ్ (తీగ చుట్టూ ఉండే లోహపు అల్లిక) మాత్రం కలిపి, షీల్డ్ రెండో కొన వదిలేయండి. రెండు కొనలూ కలిపితే గ్రౌండుకి ఇంకో దారి తెరిచినట్టే.

ప్లస్ వైపు కూడా అదే పద్ధతి. సాకెట్ దగ్గర వరుసగా 1ఎన్5817 డయోడ్, ఆ తర్వాత 100 మైక్రోఫ్యారడ్, 100 నానోఫ్యారడ్. అక్కడి నుంచి ఓవర్‌డ్రైవ్‌కి 47 ఓంలు, ట్రెమొలోకి 100, డిలేకి 10 ఓంలు మాత్రమే. డిలేకి కూడా 47 పెడితే 30 మిల్లీఆంపియర్ల దగ్గర 1.4 వోల్టులు అక్కడే పోయి 78ఎల్05 అంచున నడుస్తుంది. మొత్తం పెట్టె, ఎల్‌ఈడీలతో సహా 60 మిల్లీఆంపియర్ల లోపే. 9 వోల్టుల చవక బ్యాటరీ దీనికి కొద్ది గంటలే వస్తుంది, అడాప్టరే దిక్కు. గిటార్ పెడళ్లలో నడిచే పద్ధతి మధ్య పిన్ నెగటివ్. ఇంట్లోని రౌటర్, సెట్‌టాప్ బాక్స్ అడాప్టర్లు ఎక్కువగా 12 వోల్టులు, మధ్య పిన్ పాజిటివ్. తప్పుగా గుచ్చితే ఆ డయోడ్ కాపాడుతుంది. కెపాసిటర్లు 25 వోల్టులవే కొనండి.

స్విచ్‌కి 3పీడీటీ ఫుట్ స్విచ్ కావాలి. రెండు వరుసలు సిగ్నల్‌కి, మూడోది ఎల్‌ఈడీకి. ఎఫెక్ట్ ఆఫ్‌లో ఉన్నప్పుడు దాని ఇన్‌పుట్ గ్రౌండుకి కలిసేలా తీగలు వేయండి, లేకపోతే ఓవర్‌డ్రైవ్ ఆఫ్‌లో ఉండి కూడా పక్క తీగల్లోకి కూస్తుంది. మన రెండు ఊళ్లలో రెసిస్టర్లు, బీసీ547, పి-38 జాక్‌లు (గిటార్ కేబుల్ గుచ్చే లావు సాకెట్లు) టీవీ రిపేరు సామాన్ల షాపుల్లో దొరుకుతాయి. ఫుట్ స్విచ్ మాత్రం ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాల్సిందే. దాని బదులు మెత్తటి పుష్ స్విచ్ పెడితే కాలి తొక్కుడుకి నిలబడదు.

పెట్టె లోహానిదే కావాలి, ప్లాస్టిక్ అయితే ట్యూబ్‌లైట్ గుయ్‌మనడం లోపలికి వస్తుంది. డైకాస్ట్ అల్యూమినియం పెట్టె ఖరీదనుకుంటే, గోడలో స్విచ్ బోర్డులకి వాడే జీఐ బాక్స్ బలంగానే ఉంటుంది. వెనక అల్యూమినియం రేకు బిగించుకోవచ్చు. రంధ్రాలు ఫుట్ స్విచ్‌కి 12 మిల్లీమీటర్లు, పి-38 జాక్‌కి 9.5, పాట్‌కి 7. బూటు కాలికి స్విచ్‌ల మధ్య 65 మిల్లీమీటర్లైనా ఉండాలి. కోసిన అంచులకి ఎనామిల్ పూయండి. కళింగపట్నం నుంచి భోగాపురం దాకా ఉప్పు గాలి తగిలే ఊళ్లలో ఆ అంచుల నుంచే తుప్పు మొదలవుతుంది. అదే గాలికి టంకం పేస్టు మడ్డి కూడా తడి పీలుస్తుంది. 1 మెగ్ రెసిస్టర్ చుట్టూ ఆ మడ్డి ఉంటే కరెంటు దాని మీదుగా కారి గరగర వస్తుంది. టంకం అయ్యాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత టూత్ బ్రష్‌తో కడిగి ఆరబెట్టాలి.

ఇదంతా డిజిటల్‌లో చేయొచ్చు కదా అని అడుగుతారు. చేయొచ్చు. డైసీ సీడ్ లాంటి బోర్డులతో పదుల ఎఫెక్ట్‌లు ప్రోగ్రాంలో వస్తాయి. ఆర్డ్యునో ఊనోతో మాత్రం ప్రయత్నించకండి. దాని 10 బిట్ల కన్వర్టర్ ఇచ్చేది సుమారు 60 డెసిబెల్స్, స్వరం తగ్గుతూ పోయే చోట గరగర స్పష్టంగా వినపడుతుంది. ఏ బోర్డు తీసుకున్నా ముందు బఫర్, వెనక గ్రౌండు బాధ అలాగే ఉంటాయి.

అన్నీ కలిపే రోజు అన్నీ ఒకేసారి గుచ్చకండి. మూడు సాకెట్లలోనూ ఉత్త ప్లగ్‌లు పెట్టి బఫర్ ఒక్కదాన్ని వినండి. తర్వాత ఓవర్‌డ్రైవ్ గుచ్చి గెయిన్ పూర్తిగా తిప్పి, గిటార్ వాల్యూమ్ సున్నా చేసి రొద వినండి. ఆ తర్వాత ట్రెమొలో, చివర డిలే. ఓవర్‌డ్రైవ్ గెయిన్ తగ్గించకుండానే ఒక్కోటీ చేర్చాలి. ఏది గుచ్చాక రొద పెరిగిందో దాని గ్రౌండు తీగ, సప్లై రెసిస్టర్ చూడాలి.

పండగ స్టేజి మీదికి, సిరిమానోత్సవం లాంటి రద్దీలో జనరేటర్ మీద వాయించేటప్పుడు, పెడల్ అడాప్టర్‌ని గిటార్ ఆంప్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డులోనే గుచ్చండి. సీరియల్ లైట్ల లైన్‌లో వద్దు. ఎర్త్ లేని స్టేజి మీద గిటార్ తీగలు పట్టుకుని మైకుకి పెదవి ఆనిస్తే షాక్ కొడుతుంది, దానికి ఏ పెడలూ మందు కాదు. వాయించే ముందు టెస్టర్‌తో మైకు తల, గిటార్ తీగలు తాకించి చూడండి. వెలిగితే ఎర్త్ సరిచేసే దాకా ప్లగ్ పీకేయండి.